సూది నేరుగా గడ్డలోకే పొడవచ్చుగా?

మా బాబాయికి ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ. ఆపరేషన్‌కి ముందు కీమోతో పాటు నివోలుమాబ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు), సెలైన్‌లా చేతి నరంలోకి ఎక్కిస్తామన్నారు. ఈ పద్ధతికి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో టీ ఊదుకుంటూ బాబాయి అడిగాడు: "గడ్డ ఉన్నచోటే పొడవచ్చుగా?" రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్ కదా, అలాగే ఆలోచిస్తాడు.

పిచ్చి ప్రశ్నేం కాదు. 1891లోనే న్యూయార్క్‌లో విలియం కోలీ అనే సర్జన్ కణితిలోకి బ్యాక్టీరియా ఎక్కించాడు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి 2015 నుంచి టీ-వెక్ అనే, మార్పులు చేసిన వైరస్ మందు ఉంది, కణితిలోకే సూది. ఊపిరితిత్తికైతే బ్రాంకోస్కోప్ (కెమెరా ఉన్న సన్నటి గొట్టం) దింపి, అందులోంచి సన్నటి సూదితో మందు వదలాలి. తక్కువ మందు చాలని, ఒళ్లంతా సైడ్ ఎఫెక్ట్స్ తగ్గుతాయని ఆశ. ఆపరేషన్‌కి ముందే, గడ్డ ఉండగానే మందిస్తే, రోగంతో పోరాడే టి-కణాలు దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటాయట. కానీ ఊపిరితిత్తి గడ్డలోకే సూది ఇంకా ట్రయల్స్ దశే. ఊపిరితో పాటు గడ్డా కదులుతుంది, రక్తం కారొచ్చు అన్నారు డాక్టరమ్మ.

"సరే, చేతికే పొడవండమ్మా," అని చొక్కా మడిచాడు.