మూడో విడతకు ఊరిన ముల్లంగి

ఇంటి పెరట్లో వేసుకునే కూరగాయల్లో ముల్లంగి అంత సులువైనది లేదని అందరూ చెప్పగా విని, హనుమకొండ శివారులో మేము కట్టుకున్న ఇంటి వెనుక ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న జాగాలో నేను దానితోనే సేద్యం మొదలుపెట్టాను. గింజ నాలుగో రోజుకే మొలుస్తుందన్న మాట నిజమే కానీ, నోట పెట్టుకోదగిన గడ్డ చేతికి రావడానికి మాత్రం నాకు మూడు విడతలు పట్టింది.

మొదటి విడత గింజలు మార్చిలో వేశాను. ప్యాకెట్టు మీద జపనీస్ వైట్ అని ఉంది. అది చలికాలపు రకమని నాకు తెలియదు. ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి ఆకు మోకాలి ఎత్తు పెరిగింది, గడ్డ బొటనవేలి మందమైనా కాకముందే మొక్క నడుమ నుంచి పూల కాడ లేచింది. ఒకటి పీకి కొరికితే ఆవపిండి ఘాటు ముక్కుకెక్కింది, నార పళ్లలో ఇరుక్కుంది. ఎండను ఓర్చుకునే రకం పూసా చేత్కి అని ఆ తర్వాత తెలిసింది. ఆ పేరులోని పూసా బీహార్‌లోని ఒక ఊరు. 1905లో అక్కడ మొదలైన వ్యవసాయ పరిశోధన సంస్థ, 1934 భూకంపంలో భవనాలు దెబ్బతిన్నాక, 1936లో ఢిల్లీకి తరలింది. అయినా పాత ఊరి పేరును దాని వంగడాలు ఇప్పటికీ మోస్తున్నాయి.

రెండో విడత దసరా దాటాక వేశాను కాబట్టి కాలం సరిపోయింది, కానీ మట్టి దగ్గర దెబ్బతిన్నాను. మా వైపు చెరువు మట్టి అంటే బంగారం కింద లెక్క. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు రైతులు పూడిక మట్టిని ట్రాక్టర్లతో చెలకలకు తోలుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ నమ్మకంతోనే ఒక ట్రిప్పు చెరువు మట్టి పోయించి, దాని మీద తెలిసినవారి దొడ్డి నుంచి తెచ్చిన పచ్చి పేడను ధారాళంగా కలిపాను. నీరు నిలవని ఎర్ర చెలకకు తేమ పట్టి ఉంచే జిగట మట్టి మేలే చేస్తుంది. లోతుకు దిగాల్సిన గడ్డకు మాత్రం అది ఆరినప్పుడల్లా గోడలా అడ్డుపడుతుంది. దానికి తోడు అడుగున ఇల్లు కట్టినప్పటి కంకర మిగిలి ఉంది. వేరు కొన రాయికి తగిలినా, మాగని పేడ వేడికి దెబ్బతిన్నా, పక్కవేళ్లు లావెక్కి గడ్డ చీలిపోతుంది. నలభై ఐదో రోజున పీకితే రెండు కాళ్లవి, మూడు కాళ్లవి, మెలిక తిరిగినవి వచ్చాయి. ఆకు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఎరువు ఎక్కువై నత్రజని పెరిగితే బలమంతా ఆకుకే పోతుందట.

పక్కింటి పెద్దమ్మ ఆ మడిని చూసి, "గింజలు గిట్ల గుప్పెడు గుప్పెడు పోస్తే గడ్డ ఎట్ల ఊరుతది బిడ్డా, దానికి జాగ ఉండొద్దా?" అన్నది. నేను ఒత్తు మొక్కలను తీసేయలేదు. మొలిచినదాన్ని పీకడానికి మనసు ఒప్పలేదు.

మరుసటి సంవత్సరం వేసవిలోనే మడిని గడ్డపారతో అడుగున్నర లోతు తవ్వి, కంకర ఏరి, ఆ చెరువు మట్టికే రెండింతలు ఎర్రమట్టి, ఒక వంతు ఇసుక కలిపి, ఏడాది మాగిన పెంట ఎరువు మాత్రమే వేశాను. అక్టోబరు చివరి వారంలో అడుగు దూరానికి ఒక బోదె చొప్పున నాలుగు తీసి, గింజలను అర అంగుళం లోతున పెట్టాను. ముల్లంగిని నారు పోసి నాటకూడదు, తల్లివేరు వంగితే గడ్డ వంకర పోతుంది కనుక ఎక్కడ ఊరాలో అక్కడే విత్తాలి. పదో రోజున మనసు గట్టి చేసుకొని నాలుగు అంగుళాలకు ఒక మొక్కను మిగిల్చి, తక్కినవాటిని పీకేశాను. ఆ లేత మొక్కలు పెసరపప్పులో పడ్డాయి. నిజానికి ఆ పంటలో మేము తిన్న మొదటి కూర అదే. నీళ్లు రెండు రోజులకు ఒకసారి, ఉదయం పూట, ఒకే కొలతలో పోశాను, ఎందుకంటే ఎండగట్టి ఒక్కసారిగా పారిస్తే గడ్డ పగులుతుంది. ఆకుల వెనుక పేనుబంక కనిపించినప్పుడు లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెం సబ్బు నీటితో కలిపి రెండుసార్లు చల్లాను.

డిసెంబరు రెండో వారంలో గడ్డల భుజాలు మట్టిపైకి తేలాయి. తొలి గడ్డ జానెడున్నర పొడవు, నిటారుగా, గీతలేని తెలుపుతో వచ్చింది. అప్పుడే కడిగి, ఉప్పు అద్దుకొని, పెరట్లోనే నిలబడి తిన్నాను. సంతలో కొన్నదానికి, దీనికి పోలికే లేదు: నీళ్లు ఊరే కరకర, చివర్లో సన్నటి ఘాటు. గడ్డను కోసినప్పుడు, కొరికినప్పుడు దానిలోని ఒక ఎంజైము గంధక పదార్థాలతో కలిసి ఆ ఘాటు పుడుతుంది. ఉడికిస్తే ఎంజైము చచ్చిపోయి కూర తియ్యగా మారుతుంది. అందుకే మా ఇంట్లో ఘాటు కావలసినవారికి తురిమి పెరుగులో కలిపిన పచ్చడి, వద్దనేవారికి పప్పుచారు. నాకు మాత్రం వేయించిన నువ్వుల పొడి చల్లిన ముల్లంగి కూర, జొన్నరొట్టె ఉంటే చాలు. ఆకును పారేయడం నాకు నచ్చదు, కానీ గడ్డతో కలిపి ఉంచితే అది గడ్డలోని నీటిని లాగేస్తుంది కాబట్టి పీకిన వెంటనే కోసి విడిగా పెడతాను.

సంక్రాంతికి వచ్చే ఆడబిడ్డలకు ఇద్దామని ఒక వరుసను మాత్రం అలాగే ఉంచాను. అది అత్యాశ. పండుగ నాటికి గడ్డలు చేతి మందం లావెక్కాయి, కోస్తే లోపల గుల్లబారి బెండులా ఉన్నాయి, రుచి లేదు. వచ్చినవారు మర్యాదకు తిన్నారు. మిగిలిన ఐదు మొక్కలను పీకకుండా వదిలేస్తే లేత ఊదా పూలు పూసి, ఫిబ్రవరిలో వేలెడు కాయలు కాశాయి. అవీ ముల్లంగి రుచే, ఘాటు కొంచెం ఎక్కువ. లేతవి తుంచి తాలింపు వేసి వండాము, రెండు మొక్కల కాయలను మాత్రం గింజకు ఎండనిచ్చాము.