మాల వేసుకున్న రెండో రోజే ఫిట్స్

మా అన్న బాలానగర్‌లో లేత్ మెషిన్ మీద పని చేస్తాడు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు. చివరికి పొద్దున్నే ఒక పెగ్గు పడితేగానీ చేతుల వణుకు ఆగేది కాదు. పోయిన కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేశాడు. రెండో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. నియమం తప్పాడని బస్తీలో తలా ఒక మాట అన్నారు. ఫిట్స్ కంటే ఆ మాటలకే వదిన ఎక్కువ ఏడ్చింది.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్దామంటే అమ్మ ససేమిరా అంది. "పిచ్చోడని పేరు పడితే రేపు పిల్ల పెళ్లి ఎట్లయితదిరా?" అని ఒకటే గోల.

"మనిషి ఉంటేనే కదా అత్తమ్మా, పెళ్లి చేసేది" అని వదిన బ్యాగు సర్దేసింది.

డాక్టరమ్మ అన్నను చేతులు చాపమని, వేళ్ల మీద ఒక కాగితం పెట్టింది. అది టపటపా కొట్టుకుంది. తర్వాత గొడుగు, తాళంచెవి, మామిడిపండు అని మూడు మాటలు చెప్పి, కాసేపాగి అడిగింది. అన్నకు గొడుగొక్కటే గుర్తుంది. మిల్లీమీటరులో వందో వంతు తేడా పట్టే మనిషి! నాకు గొంతు పట్టేసింది.

మద్యం మెదడును నెమ్మది చేస్తుందట. రోజూ బ్రేకు తొక్కి ఉంచితే బండి కదలడానికి యాక్సిలరేటర్ కూడా తొక్కినట్టు, మెదడు తన వేగం పెంచుకుంటుంది. ఒక్కసారిగా బ్రేకు వదిలితే వణుకు, చెమటలు, ఫిట్స్. చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పి ప్రాణం మీదికి వస్తుంది. దేవుడి కోపం కాదని అమ్మకు అప్పుడు అర్థమైంది.

అడ్మిట్ చేసుకుని, మాత్రలు రోజురోజుకూ తగ్గిస్తూ ఇచ్చారు. నీరసంగా ఉన్నాడు, గ్లూకోజ్ ఎక్కించండని నేను అడిగితే ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ పడాలన్నారు. రోజూ తాగేవాళ్లలో బి1 తక్కువ ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి చూపు, నడక, జ్ఞాపకశక్తి దెబ్బతినొచ్చు. నీరసం అనగానే బాటిల్ పెట్టించే మన ఇళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఆసుపత్రిలో ఒక రాత్రి మాత్రం మరిచిపోలేను. అన్న మంచం మీద కూర్చుని, లేత్ ముందు ఉన్నట్టే, ఇనుప ముక్కను పట్టి ఉంచే చక్కును గాల్లో బిగిస్తూ, "జాబ్ జారుతోంది, పట్టుకో" అన్నాడు. లేత్ మీద బిగించే ఆ ముక్కనే జాబ్ అంటారు. నర్సు వెంటనే వచ్చి మందు డోసు పెంచింది. తెల్లారేసరికి నిద్రపోయాడు.

రిపోర్టుల్లో ఫ్యాటీ లివర్, ఎక్కువ బీపీ, తక్కువ ప్లేట్‌లెట్లు వచ్చాయి. వేడి చేసిందని మజ్జిగ తాగిస్తూ వచ్చిన అరికాళ్ల మంటలు, నరాలు దెబ్బతిన్న లక్షణమట. లివర్‌లో కొవ్వు తాగుడు మానితే తగ్గుతుంది, గట్టిపడి సిరోసిస్ దాకా వెళ్తే మునుపటిలా కావడం కష్టం. అన్న ఆ గీత ఇవతలే ఉన్నాడు.

ఇప్పుడు బీపీ దారిలో పడింది, పనికి వెళ్తున్నాడు. అరికాళ్ల మంటలు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో రోజూ తాగేవాళ్లు మాల వేసుకుంటానంటే వద్దనకండి, ముందు డాక్టరుకు చూపించండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.