ఫైలు ఎక్కడ ఆగిందో ముందు చూడండి

తహశీల్దారు ఆఫీసులో పని కదలడం లేదంటే అందరూ అనేమాట ఒకటే: "సిబ్బంది ఒళ్ళు వంచరు." అలాంటివాళ్ళు లేరని అనను. కానీ ఆ సంగతి తేల్చే పుస్తకం ప్రతి సెక్షన్ గుమాస్తా బల్ల మీదా ఉంటుంది. అదే పర్సనల్ రిజిస్టర్. తపాలు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పుటప్ చేశారు (అంటే పై అధికారి ముందు పెట్టారు), ఎవరికి రాశారు, రిమైండరు వెళ్ళిందా అన్నీ అందులో వరుసగా ఉంటాయి. ఫైళ్ళను కంప్యూటరులో నడిపే ఈ-ఆఫీస్ వచ్చాక కాగితం తగ్గింది గానీ లెక్క అదే.

పెండింగు ఫైళ్ళు ఇరవై తీసి, ఒక్కోటి ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో పక్కన రాయండి. గుమాస్తా దగ్గరా, డిప్యూటీ తహశీల్దారు దగ్గరా, సంతకానికా, క్షేత్ర నివేదికకా? చాలావరకు ఆ చివరిదే తేలుతుంది. హద్దుల అర్జీనే తీసుకోండి. సర్వేయరు పక్క రైతులకు నోటీసులివ్వాలి, ఎఫ్‌ఎంబీతో, అంటే పొలాల కొలతల పటాల పుస్తకంతో, సరిచూసి కొలవాలి. ఒక్కరికి నోటీసు అందకపోయినా తేదీ మారుతుంది. పైరు నిలబడి ఉంటే కోత దాకా ఆగాల్సిందే. ఆ ఫైలు మీద గుమాస్తాకు మెమో ఇస్తే ఏం లాభం?

ఆలస్యానికి రెండో కారణం ఇన్‌చార్జి బాధ్యతలు. ఖాళీ సీటును పక్క సీటుకు తగిలిస్తారు, రెండూ కుంటుతాయి. బదిలీ అయినవాళ్ళు పెండింగు జాబితా, కోర్టు కేసుల తేదీలు రాసివ్వకుండా వెళ్ళిపోతే, కోర్టులో కౌంటరు (ప్రభుత్వం తరఫు జవాబు) వేయాల్సిన గడువు దాటాకే కొత్తవాళ్ళకు విషయం తెలుస్తుంది. ఆ జాబితా చేతికి రానిదే బదిలీ అయినవాళ్ళను రిలీవ్ చేయకూడదు.

అన్నిటికన్నా చెడ్డది లెక్కించే పద్ధతి. సమీక్షలో అడిగేది ఎన్ని పరిష్కరించారనే. ఆదాయ ధ్రువపత్రమూ ఒకటే, అన్నదమ్ముల తగాదాలో ఉన్న మ్యుటేషనూ (భూమి రికార్డులో పేరు మార్పు) ఒకటే. అలాంటప్పుడు తేలికవి ముందు తెమలడంలో వింతేముంది? గడువు ముగియబోతుంటే "ఆధారాలు జతపరచలేదు" అని తిరస్కరించేస్తారు. అర్జీదారు మళ్ళీ పెట్టుకుంటాడు, లెక్కలో రెండు పరిష్కారాలు పడతాయి! తిరస్కరించినవాటిలో అదే సర్వే నంబరుతో తిరిగొచ్చినవెన్నో నెలకోసారి తీసి చూస్తే ఈ ఆట బయటపడుతుంది.

జీతంతో పనిని ముడిపెట్టే వీలు తహశీల్దారుకు దాదాపు లేదు. ఇంక్రిమెంటు ఏటా వస్తుంది. పదోన్నతి రాకపోయినా ఇన్నేళ్ళ సర్వీసు నిండితే దానంతటదే వచ్చే పై స్కేలు, ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేలు, ఉంది. ఫైళ్ళు నడిపినవాళ్ళకూ నడపనివాళ్ళకూ అదే.

చేతిలో ఉన్నదల్లా సమయమే. పై ఆఫీసులు నాలుగింటికి అడిగి ఐదింటికల్లా కావాలనే ప్రొఫార్మాలు (నింపి పంపాల్సిన వివరాల పట్టికలు) రోజులో సగాన్ని మింగేస్తాయి. చాలాసార్లు అవే అంకెలు, గడులే అటూఇటూ మారతాయి. గ్రామాలవారీగా ఒకే పట్టిక పెట్టుకుని సోమ, గురువారాల్లో నింపుకుంటే ఎవరడిగినా అందులోంచి తీసివ్వొచ్చు. ఆ పట్టిక బాధ్యత ఒక్కరికే ఇవ్వాలి, వాళ్ళ దగ్గర వేరే సెక్షన్ ఉండకూడదు.