కూజాలో బానే ఉంది, బోర్డుల్లోనే తేడా కొట్టింది

రెండు వారాలు నా బుర్ర తినేసిన బగ్ ఇది, ఇంకెవరికైనా తగిలితే పనికొస్తుందని రాస్తున్నా.

టీఎస్‌సీహెచ్ అంటే బ్యాటరీతో నడిచే చిన్న రేడియో బోర్డులు (నోడ్లు) ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. అందులో టైమ్‌ని మామూలుగా 10 మిల్లీసెకండ్ల స్లాట్లుగా కోసి ఎవరు ఎప్పుడు పంపాలి ఎవరు ఎప్పుడు వినాలి అని షెడ్యూల్ వేస్తారు, మిగతా టైమంతా రేడియో నిద్రే, బ్యాటరీ మిగిలేది అక్కడే. ఆ స్లాట్లు పంచడానికి మధ్యలో ఓ పెద్దమనిషి అక్కర్లేకుండా, పక్క నోడ్‌తో బేరాలు కూడా లేకుండా, ప్రతి నోడూ తన లెక్క తనే వేసుకునే పద్ధతి 2015లో వచ్చిన ఆర్కెస్ట్రా. కాంటికి-ఎన్‌జీలో (ఈ బోర్డుల మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) అయితే లెక్క మరీ చిన్నది, మ్యాక్ అడ్రస్ (ప్రతి బోర్డుకీ ఉండే హార్డ్‌వేర్ నంబర్) చివరి బైట్‌ని 17తో భాగిస్తే మిగిలే శేషమే నీ స్లాట్ (17 అనేది యూనికాస్ట్ స్లాట్‌ఫ్రేమ్ పొడవు, అంటే ఒక నోడ్ నుంచి ఒక నోడ్‌కే వెళ్లే ప్యాకెట్ల కోసం ఎన్ని స్లాట్లకోసారి షెడ్యూల్ మళ్లీ మొదలవుతుందో ఆ లెక్క, మార్చుకోవచ్చు).

నేను సెండర్-బేస్డ్ పెట్టా, అంటే పంపేవాడి అడ్రస్‌ని బట్టి స్లాట్. కూజాలో (నీళ్ల కూజా కాదు, సిమ్యులేటర్) 12 నోడ్లతో రాత్రంతా నడిపితే ఒక్క ప్యాకెట్ పోలేదు. గుద్దుకోవడాలే (ఇద్దరు ఒకే స్లాట్‌లో పంపడం) లేవు కదా అని తెలివి ఎక్కువై కొలిజన్-ఫ్రీ హ్యాష్ అనే ఆప్షన్‌ని 1 చేసేశా, దానికి తోడుగా ఉండే గరిష్ఠ హ్యాష్ విలువని కూడా 17 కంటే తక్కువ చేసేశా. అదే కోడ్ 12 బోర్డుల్లోకి ఎక్కించా, కొన్ని నోడ్లు తడబడుతున్నాయి, వాటిలో రెండైతే మరీ ఘోరం. లాగ్‌లో ఒకటే పాట: స్టేటస్ 2, టీఎక్స్ 8. ఎనిమిది సార్లు పంపా, అక్నాలెడ్జ్‌మెంట్ రాలేదు, ఇక నా వల్ల కాదు అని దానర్థం.

యాంటెన్నాలు మార్చా, బోర్డుల చోట్లు మార్చా, వైఫైని తిట్టుకున్నా. చివరికి ఓ రాత్రి విసుగొచ్చి అడ్రస్‌లన్నీ కాగితం మీద రాసుకుంటే కనబడింది. ఆ రెండు బోర్డుల చివరి బైట్లు 43, 77. 17తో భాగించండి, రెండిటికీ 9 మిగుల్తుంది, పైగా రెండిటికీ పేరెంట్ (వాటి ప్యాకెట్లు అందుకుని ముందుకి పంపే నోడ్) ఒకటే! అన్నీ ఒకే స్విచ్‌తో ఆన్ చేశా, 10 సెకండ్లకోసారి పంపుతున్నాయి, కాబట్టి ప్యాకెట్లు కూడా ఒకేసారి రెడీ. నేను మార్చిన ఆప్షన్, ఆ గరిష్ఠ విలువ కలిసి చేసే పనేంటంటే స్లాట్‌కి ఉన్న షేర్డ్ ఫ్లాగ్ (ఈ స్లాట్ ఇద్దరికీ పడొచ్చు అనే గుర్తు) తీసేస్తాయి, అది పోతే బ్యాకాఫ్ (గుద్దుకున్నాక ఎవరికి వారు ర్యాండమ్‌గా కొన్ని వంతులు ఆగడం) కూడా పోతుంది, దాంతో ఇద్దరూ గుద్దుకుని 170 మిల్లీసెకండ్లు ఆగి మళ్లీ అదే స్లాట్‌లో గుద్దుకుంటున్నారు, అలా ఎనిమిది సార్లు. టీఎస్‌సీహెచ్‌లో స్లాట్ స్లాట్‌కీ ఛానల్ మారుతుంది కదా అంటారేమో, ఇద్దరికీ చెరో ఛానల్ ఇచ్చినా వినే పేరెంట్‌కి ఉన్నది ఒక్క రేడియోనే.

మరి కూజాలో ఎందుకు రాలేదంటే అక్కడ ఐడీలు 1, 2, 3 అని వరసగా ఇస్తా కదా, 12 దాకా శేషాలన్నీ వేరువేరే. 18వ నోడ్ పెట్టుంటే ఒకటో నోడ్ మీద పడేది, నేను పెట్టలేదు. నిజం బోర్డుల్లో బైట్లు ఇష్టమొచ్చినట్టు ఉంటాయి, అలాంటి 12 నోడ్లు 17 స్లాట్లలో ఒక్క జత కూడా కలవకుండా సర్దుకునే ఛాన్స్ దాదాపు 200లో ఒకటి. ఇంత చిన్న లెక్క ముందే ఎందుకు వేసుకోలేదో నాకే తెలీదు.

ఆప్షన్ వెనక్కి మార్చా, పంపే టైమ్‌కి కొంచెం ర్యాండమ్ కలిపా, స్లాట్‌ఫ్రేమ్‌ని 47 చేశా (గుద్దుకోవడం తగ్గింది కానీ తన వంతు కోసం ఎదురుచూపు పెరిగింది, అది ఇంకో గోల). తర్వాత పాత సెట్టింగ్స్‌తోనే కూజాలో నోడ్లకి నా బోర్డుల చివరి బైట్లనే ఐడీలుగా ఇచ్చి నడిపా. స్టేటస్ 2, టీఎక్స్ 8 అని వచ్చింది. ప్యాకెట్లు పోతుంటే ఇంత హాయిగా అనిపించడం ఇదే మొదటిసారి.