డ్రమ్ములు రాని అరగంట

శనివారం, రాత్రి పది దాటింది.

కాళ్ళు పీకేస్తున్నాయి. అయినా ఈరోజు సంగతి రాసుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

పొద్దున ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కి, లేక్ మెరిట్ స్టేషన్‌లో దిగి, కాలిఫోర్నియా ఓక్లాండ్‌లో ఆలిస్ వీధిలో మేం పశ్చిమాఫ్రికా నాట్యం నేర్చుకునే హాలుకి చేరేసరికి అందరూ నడుముకి లాపా గుడ్డలు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. డ్రమ్ములవాళ్ళు మాత్రం లేరు. బే బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయారట. అందరూ ఒకే వ్యానులో వస్తారు కాబట్టి ఒక్కరు కూడా రాలేదు. కొత్తగా చేరిన అమ్మాయి ఫోను తీసి, "మనం ఆడే లంబాన్ నాట్యానికి రికార్డింగ్ ఏదైనా పెట్టనా? నా దగ్గర స్పీకర్ ఉంది" అంది. మా టీచర్ నవ్వుతూనే వద్దన్నారు. "ఫోనుకి మన కాళ్ళు కనపడవు కదమ్మా" అన్నారు.

బయటివాళ్ళకి ఇది మొండితనంలా అనిపించవచ్చు. నాకు మాత్రం ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్ళు నిజమనిపిస్తుంది. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నప్పుడు మాస్టారి తట్టుకర్ర చప్పుడుకి జతులు కట్టాం. ఏ అడుగు ఎన్ని ఆవర్తాలో ముందే తెలిసేది. ఈ పశ్చిమాఫ్రికా నాట్యంలో అలా ఉండదు. ముందుండి జెంబే అనే చేతి డ్రమ్ము వాయించే ఆయన మా వరసని చూస్తూ వాయిస్తాడు. ఊపు అందుకున్నామా, అలిసిపోయామా కనిపెట్టి, సరిగ్గా అప్పుడు 'బ్రేక్' కొడతాడు. ఆ దరువు వినపడగానే అందరం అడుగు మార్చాలి. అది నాలుగు చుట్లకి రావచ్చు, పదికీ రావచ్చు. లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే దొరకదు. మొదట్లో నాకు అదే టెన్షన్. అరమండి మోకాళ్ళకి అలవాటే గాని, నడుము ముందుకి వంచి వెన్ను మొత్తాన్ని కదిలించడం నాకు అసలు రాలేదు. ఇప్పుడిప్పుడే వస్తోంది.

డ్రమ్ములు వచ్చేదాకా టీచర్ మమ్మల్ని ఊరికే కూర్చోనివ్వలేదు. మూలనున్న చీపురు తెచ్చి, మాలో అందరికన్నా పెద్దావిడ చేతికిచ్చారు. ఇక్కడ పెద్దవాళ్ళని ఉత్త పేరుతో పిలవరు. ఆడవాళ్ళయితే మామా, మగవాళ్ళయితే బాబా అని చేర్చి పిలవాలి. ఈ మామాకి డెబ్భై దాటాయి, నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ చీపురు తిరగేసి, కర్ర చివరతో చెక్క నేల మీద కొట్టడం మొదలుపెట్టారు. బరువుగా ఒకటి, వెంటనే తేలిగ్గా రెండు. సగం మంది ఆ దెబ్బల మీద, మిగతా సగం ఆ దెబ్బల మధ్య చప్పట్లు అందుకున్నారు. గుండ్రంగా నిలబడి, గడియారం ముళ్ళకి ఎదురు దిక్కులో కదిలాం. పాదం నేల మీద నుంచి లేవకూడదు. ఒక కాలు ఇంకో కాలిని దాటకూడదు. చూడ్డానికి ఎంతో తేలిక. పది నిమిషాలకే పిక్కలు పట్టేశాయి.

దీన్ని రింగ్ షౌట్ అంటారు. 1739లో అమెరికాలో, సౌత్ కెరొలైనాలోని స్టోనో దగ్గర ఆఫ్రికన్ బానిసలు తిరగబడి, డ్రమ్ములు మోగించుకుంటూ సాగారు. మరుసటి ఏడే, 1740లో, అక్కడ కొత్త చట్టం వచ్చింది. దాంతో బానిసలు డ్రమ్ములు, కొమ్ముబూరలు దగ్గర పెట్టుకోవడమే నేరమైంది. డ్రమ్ము లేకపోయినా చేతులున్నాయి, పాదాలున్నాయి, నేలను కొట్టడానికి కర్ర ఉంది. కాళ్ళు ఒకదాన్నొకటి దాటితే నాట్యం కింద లెక్క, చర్చిలో నాట్యం పాపం. అందుకే పాదాలు ఈడుస్తూ తిరిగేవారు. జార్జియా తీరాన మెకింటాష్ కౌంటీలో ఇది నేటికీ బతికే ఉంది.

టీచర్ ఇదంతా రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నారు. నేను రైల్లో తిరిగి వస్తూ దాని గురించే ఆలోచించాను. చప్పుడంటే పడనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2015లో మా హాలుకి నడిచిపోయే దూరంలో, లేక్ మెరిట్ ఒడ్డున డ్రమ్ములు వాయించుకుంటున్నవాళ్ళ మీదికి గోల చేస్తున్నారంటూ పోలీసుల్ని పిలిచారు. నాకైతే ఇది మన డప్పు కథలాగే అనిపించింది. పండక్కి డప్పు కావాలి, చావుకి డప్పు కావాలి, వాయించినవాణ్ణి మాత్రం ఊరవతలే ఉంచాం. ఆ అవమానం తలుచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

హైదరాబాద్‌లో నేను పెళ్ళి ఊరేగింపుల్లో మోగే మర్ఫా డ్రమ్ములు వింటూ పెరిగాను. ఏ పెళ్ళి బరాత్ వెళ్తున్నా వీధి చివరికి పరిగెత్తేదాన్ని. నిజాం సైన్యంలో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని ఒక గుర్రపు దళం ఉండేదనీ, ఏసీ గార్డ్స్ అన్న పేట పేరు దాని వల్లే వచ్చిందనీ, మర్ఫాని నిలబెట్టినవాళ్ళలో అక్కడి సిద్దీలు, అంటే ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు, ఉన్నారనీ పెద్దయ్యాకే తెలిసింది. ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చిన దరువు మా ఊరి వీధుల్లో కూడా మోగిందన్నమాట. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు మామా నా రెండు చేతులూ పట్టుకుని, "వాళ్ళు ఎలా ఆడతారో చూపించు" అన్నారు. కర్ర గాల్లో తిప్పుతూ వాళ్ళు వేసే అడుగులు గుర్తున్నంత మేరకు వేసి చూపించాను.

చివరికి డ్రమ్ములు వచ్చాయి. ముగ్గురు బాబాలు, ఒక కుర్రాడు. పెద్ద బాబా వేళ్ళకి తెల్ల టేపు చుట్టుకుని, జెంబే ఒళ్ళో పెట్టుకుని తాడు ముడులు బిగించాడు. మేకతోలు మీద ఒక దెబ్బ వేసి, చెవి ఒగ్గి విని, మళ్ళీ బిగించాడు. కుర్రాడు కెన్కెని, సంగ్బాన్, డుండుంబా అనే మూడు డ్రమ్ముల్నీ పక్కపక్కన నిలబెట్టాడు. వాటిని కర్రలతో కొడతారు. అన్నిటికన్నా పెద్దదైన డుండుంబా మోగితే ముందు కడుపులో తెలుస్తుంది, తర్వాతే చెవికి. గది మూల నుంచి మూలకి వరసలు వరసలుగా డ్రమ్ముల వైపు ఆడుకుంటూ వెళ్ళాం. లంబాన్ మాలీ, గినీ దేశాల్లో జెలీలది. వంశాల కథలు పాటల్లో నోటికి పెట్టుకుని తరతరాలకీ అందించేవాళ్ళు వాళ్ళు. చేతులు రెక్కల్లా తెరుచుకుంటాయి, ముఖం పైకి లేస్తుంది. ఎంత అలిసిపోయినా ఆ అడుగులో నవ్వకుండా ఉండలేం.

మేమేమీ ప్రొఫెషనల్ డాన్సర్లం కాం. బస్ డ్రైవర్ ఉంది, స్కూలు టీచర్లున్నారు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళున్నారు. ఆడుతున్న చోటు మాత్రం చిన్నది కాదు. ఈ భవనానికి కాంగో నుంచి వచ్చిన నాట్యాచార్యుడు మలోంగా కాస్కెలూర్డ్ పేరు పెట్టారు. ఆయన 1977లో ఫువా దియా కాంగో బృందాన్ని స్థాపించారు, 2003లో కారు ప్రమాదంలో పోయారు. 1972లో మొదలైన డైమెన్షన్స్ డాన్స్ థియేటర్ కూడా ఇక్కడే ఎదిగింది. పై అంతస్తుల్లో కళాకారులు కాపురాలుంటారు. చుట్టూ కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్న కొద్దీ అద్దెలు పెరిగి మా వాళ్ళు ఒక్కొక్కరే ఊరు వదిలి పోతున్నారు. ఈరోజు వ్యానులో వచ్చిన నలుగురూ ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్ళే. బ్రిడ్జి అవతల నుంచి రావాల్సి వచ్చింది కాబట్టే ఆలస్యం. నాకు బాధ కలిగించేది ఇదే. డ్రమ్ములవాళ్ళు నడిచి రాగలిగే దూరంలో బతకగలిగితేనే ఈ నాట్యం నిలుస్తుంది.

ఆఖర్న గుండ్రంగా నిలబడ్డాం. ఒక్కొక్కరూ మధ్యలోకి వెళ్ళి డ్రమ్ముల ముందు తమకి తోచింది ఆడాలి. బస్ డ్రైవర్ గారి ఆరేళ్ళ మనవరాలు అమ్మమ్మ లాపా అంచు పట్టుకుని వెళ్ళి, నాలుగు గెంతులు గెంతి పరిగెత్తుకొచ్చింది. మామా వెళ్ళినప్పుడు పెద్ద బాబా దరువు తగ్గించి, ఆవిడ భుజం కదిలినప్పుడల్లా ఒక్కో దెబ్బ వేశాడు. ఆవిడ ఆగింది, ఆయనా ఆగాడు. మళ్ళీ భుజం కదిపింది, మళ్ళీ దెబ్బ. మేమంతా అరిచాం. తర్వాత డ్రమ్ముల ముందు నేలను తాకి, ఆ చేయి గుండెకి ఆనించుకుని దణ్ణం పెట్టాం.

ఇంటికొచ్చి చెప్తే మా అమ్మాయి తనూ వస్తానంటోంది. వచ్చే శనివారం తీసుకెళ్తాను. లాపాకి మా అమ్మ పంపిన మంగళగిరి చీర చింపుదామా అని అడిగితే, ఫోన్లో అమ్మ "చింపవే, ఇంకోటి పంపిస్తాలే" అంది.