ఓడినా పర్లేదంటే తథాస్తు దేవతలు వింటారా?

ఇంటర్ పరీక్షలప్పుడు హాలు బయట నిలబడ్డవాళ్ళందరికీ ఒక మాట గుర్తుండే ఉంటుంది. "నేనసలేం చదవలేదురా." తెల్లవారుజామున మూడింటికే లేచి రివిజన్ చేసుకున్నవాడే ఆ మాట అందరికంటే గట్టిగా అనేవాడు. మార్కులొచ్చాక గానీ వాడి సంగతి బయటపడేది కాదు. ఆ మాటలు అంటూ, వింటూ పెరిగిన తరమే ఇవాళ డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో సోఫాలో కూర్చుని టీవీ చూస్తోంది. ఫైనల్‌కి ముందు ఏ ఆటగాడైనా "ఓడినంత మాత్రాన కొంపలేం మునగవు" అన్నాడంటే చాలు, "వీడికి కసి లేదు" అని తేల్చేస్తుంది. పక్కనే ఉన్న పదమూడేళ్ళ పిల్లకి మాత్రం అదే మాట తెగ నచ్చుతుంది. శనివారం తన టెన్నిస్ మ్యాచ్‌కి ముందు వీడియో కాల్‌లో "ఓడినా పర్లేదులే అమ్మమ్మా" అనేస్తుంది. అవతల్నుంచి వెంటనే జవాబు: "ఛ, అలా అనకూడదు తల్లీ. తథాస్తు దేవతలుంటారు."

ఆటగాళ్ళు అలా మాట్లాడొచ్చా అంటే, మాట్లాడొచ్చు. పిల్లలూ మాట్లాడొచ్చు. కాకపోతే ఆ మాటకి రెండో సగం ఒకటుంటుంది: చేయాల్సిందంతా చేయడం. టీవీలో అది సరిగా వినపడదు, పిల్లలు నేర్చుకునేది మొదటి సగమే.

2025 జూలైలో ఉత్తర ఐర్లండ్‌లోని రాయల్ పోర్ట్‌రష్‌లో ఓపెన్ ఛాంపియన్‌షిప్ మొదలవడానికి రెండు రోజుల ముందు, ప్రపంచ నంబర్ వన్ గోల్ఫర్ స్కాటీ షెఫ్లర్ విలేకరుల ముందు కూర్చుని, ఇదంతా ఎందుకో తనకే ఒక్కోసారి అర్థం కాదన్నాడు. గెలిచిన ఆనందం కొన్ని నిమిషాలే ఉంటుందట. ఆ మే నెలలోనే అతను సొంత ఊరి టోర్నమెంట్ బైరన్ నెల్సన్ గెలిచాడు. అది జరిగేది మనవాళ్ళు బోలెడంతమంది ఇళ్ళు కొనుక్కున్న, డల్లాస్ పక్కనున్న మెకిన్నీలోనే. చిన్నప్పట్నుంచీ కలలుగన్న ఆ కప్పు చేతికొచ్చి, ఇంట్లోవాళ్ళని కావలించుకున్నాక మనసులోకి వచ్చే మాట, ఇంతకీ రాత్రికి భోజనం ఏంటి అనేదే అన్నాడు. పిల్లల ఫోన్లలో తిరిగిన ముక్క ఇదే. సాధన చేయడమంటే తనకి పిచ్చి ఇష్టమనీ, గెలవాలని ఇంతగా ఎందుకు తపిస్తానో తనకే తెలియదనీ అదే కూర్చోవడంలో చెప్పాడు. ఆ ముక్క అంతగా తిరగలేదు. ఆ ఆదివారం నాలుగు స్ట్రోకుల తేడాతో కప్పు తీసుకెళ్ళాడు.

ఇలా మాట్లాడితే గెలుస్తారన్నమాట అనుకుంటే పొరపాటు. టెన్నిస్ క్రీడాకారిణి కోకో గాఫ్ సంగతి చూడండి. 2022లో పద్దెనిమిదేళ్ళ వయసులో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌కి ముందు, గెలిచినా ఓడినా అమ్మానాన్నలు ఒకేలా ప్రేమిస్తారనీ, లోకంలో ఇన్ని జరుగుతుంటే ఒక టెన్నిస్ మ్యాచ్ గురించి అంత బెంగ అక్కర్లేదనీ చెప్పింది. ఇగా స్వియాటెక్ చేతిలో 6-1, 6-3 తేడాతో ఓడి, కుర్చీలో కూర్చుని ఏడ్చేసింది. మూడేళ్ళ తర్వాత అదే కోర్టులో ఫైనల్‌కి ముందు "ఫ్రెంచ్ ఓపెన్ గెలుస్తాను" అని కాగితం మీద మళ్ళీ మళ్ళీ రాసుకుంది. మన శ్రీరామకోటి లెక్కలో అన్నమాట. సబలెంకా మీద మొదటి సెట్ పోగొట్టుకుని కూడా గెలిచింది. అయితే 2022లో ఆ మాట అన్నందుకే ఓడిందని అమ్మమ్మ పక్షం వాళ్ళు సంబరపడక్కర్లేదు. స్వియాటెక్‌కి ఆ రోజుది వరుసగా ముప్ఫై అయిదో గెలుపు. ఆ ఊపు ముందు ఎవరు ఏం మాట్లాడినా ఫలితం మారేది కాదేమో. ఆ ప్రశాంతమైన మాటల వెనక తను ఎంత నలిగిపోయిందో గాఫే తర్వాత చెప్పింది. అందుకే మైకు ముందు మాటని బట్టి మనసు కొలవడం కుదరదు. పైగా అక్కడ మాట్లాడటం వాళ్ళ ఉద్యోగంలో భాగం. విలేకరుల ముందుకి రానన్నందుకే 2021లో ఇంకో టెన్నిస్ క్రీడాకారిణి నవోమి ఒసాకాకి పదిహేను వేల డాలర్లు జరిమానా వేశారు.

అమ్మమ్మ భయమూ ఊరికే పుట్టలేదు. 2007 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ మీద ఓడగానే రాంచీలో కడుతున్న ధోనీ ఇంటి మీద దాడి చేశారు. అలాంటి చోట పెరిగినవాళ్ళకి ఓటమి గురించి తేలిగ్గా మాట్లాడటమంటే పొగరు కిందో, అపశకునం కిందో లెక్క. దీని మీద పిల్లకి ఇంగ్లీషులో పాఠం చెప్పేకంటే, అమ్మమ్మతో ఏమనాలో తెలుగులో నేర్పితే పని అయిపోతుంది. "బాగా ప్రాక్టీస్ చేశానమ్మమ్మా, నా ఆట నేను ఆడతా, దీవించు." ఇందులో గెలుస్తానన్న బడాయి లేదు, ఓడతానన్న మాటా లేదు. ముసలావిడ "జయం కలుగుతుంది తల్లీ" అని ఫోన్ పెట్టేస్తుంది, రాత్రికి ఇద్దరూ హాయిగా నిద్రపోతారు.

ఇక అసలు చిక్కు. "పర్లేదు" అన్న మాట రెండు చోట్ల నుంచి వస్తుంది. చేయాల్సిందంతా చేసి, మిగిలింది మన చేతిలో లేదని వదిలేయడం ఒకటి. ఓడితే చెప్పుకోవడానికి ముందే సాకు సిద్ధం చేసుకోవడం ఇంకొకటి. పరీక్ష హాలు బయట మనం అన్నది రెండో రకం. దీనికి సైకాలజీలో సెల్ఫ్ హ్యాండికాపింగ్ అని పేరు. 1978లో బెర్గ్లాస్, జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు కాలేజీ పిల్లలకి జవాబే లేని ప్రశ్నలిచ్చి, "బ్రహ్మాండంగా చేశావ్" అని మెచ్చుకున్నారు. తర్వాతి పరీక్షకి ముందు రెండు మందుల్లో ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి తెలివికి పదును పెట్టేది, ఇంకోటి మందగింపజేసేది. ఎందుకు మెచ్చుకున్నారో తెలియని పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, మందగించే మాత్ర వైపు మొగ్గినవాళ్ళు ఎక్కువ. మన ఇళ్ళలో దీనికి అర్థం ఒకటే. "నువ్వు పుట్టుకతోనే తెలివైనదానివి" అన్న పొగడ్త ఎంత పెరిగితే, ఆ పేరు కాపాడుకోవడానికి సాకు అవసరం కూడా అంత పెరుగుతుంది. "రెండో సెట్‌లో బంతి పైకెత్తి లాబ్‌లు వేయడం మొదలుపెట్టావు చూడు, అది పనిచేసింది" అంటే, దేనికి మెచ్చుకున్నారో పిల్లకి తెలుస్తుంది.

దీనికి తోడు ఇక్కడి అమెరికా స్కూళ్ళలో కష్టపడుతున్నట్టు కనపడటమే నామోషీ. "ట్రైహార్డ్" (మరీ కష్టపడేవాడు) అంటే తిట్టు, "నాన్‌షలాంట్" (ఏదీ పట్టనట్టుండేవాడు) అంటే మెప్పు. 2025 స్పెల్లింగ్ బీ ఫైనల్ చూసినవాళ్ళకి ఇది కళ్ళకి కట్టే ఉంటుంది. అంతకుముందు సంవత్సరం టైబ్రేకర్‌లో ఓడిన ఫైజాన్ జాకీకి అవకాశం చేతికొచ్చింది. "కమెలైనా" అన్న పదం ఇవ్వగానే అర్థం, మూలభాష ఏదీ అడక్కుండా గబగబా మొదలుపెట్టాడు. 'సి' ఉండాల్సిన చోట 'కె' అన్నాడు, బెల్లు మోగింది. తర్వాత పుంజుకుని గెలిచాడు గానీ, తన "ఆరా" (నలుగురిలో దర్జాగా కనపడటం) గురించి కాస్త ఎక్కువ పట్టించుకున్నానని తనే నవ్వుతూ ఒప్పుకున్నాడు. ధీమాగా కనపడటానికి అతను వదిలేసింది ప్రశ్నలడిగే అలవాటుని. ఏ ఆటలోనైనా ముందు జారిపోయేది ఇదే, రోజూ చేసే చిన్న పని.

అందుకే మ్యాచ్ ముందు రాత్రి పిల్ల "పర్లేదు" అంటే వాదించకండి, ఒకే ప్రశ్న అడగండి: "సరే, రేపు నువ్వేం చేద్దామనుకుంటున్నావ్?" జవాబులో తన చేతిలో ఉన్న పని ఒకటో రెండో ఉండాలి. "రెండో సర్వ్ భయపడి తోసెయ్యను, స్పిన్ పెట్టి బ్యాక్‌హ్యాండ్‌కి వేస్తా" అంటే రెండో సగం ఉన్నట్టే. "ఫన్‌గా ఆడతా" అని ఆపేస్తే లేనట్టే. అలాంటప్పుడు కోచ్‌తో ఆ వారం ఏం ప్రాక్టీస్ చేసిందో గుర్తు చేసి, తన మాటల్లోనే చిన్న కార్డు మీద రాయించి బ్యాగులో పెట్టించండి. మూడు పనులు దాటితే కోర్టులో ఒక్కటీ గుర్తుండదు.

పాయింటుకీ పాయింటుకీ మధ్య ఉండేది ఇరవై అయిదు సెకన్లు. నెట్‌కి వీపు తిప్పడం, రాకెట్ తీగలు సర్దుకోవడం, ఊపిరి పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలడం, సర్వ్ ఎటు వేయాలో తేల్చుకోవడం, ప్రతిసారీ అన్నేసిసార్లే బంతి నేలకి కొట్టడం. ఇదంతా ఆ వ్యవధిలో పడుతుంది. వైపులు మారేటప్పుడు తొంభై సెకన్లు. నీళ్ళు తాగి కార్డు చూసుకోవడానికి అవి చాలు. అయితే దీన్ని మ్యాచ్ రోజు కొత్తగా మొదలుపెడితే బెడిసికొడుతుంది. బంతి చూడాల్సిన బుర్ర, తర్వాత ఏం చేయాలో గుర్తు చేసుకునే పనిలో పడుతుంది. కనీసం రెండు వారాల ప్రాక్టీసులో అలవాటు కావాలి.

మన వైపు నుంచి చెడేవి కొన్ని. ముందు రాత్రి, టెన్నిస్ ఆడేవాళ్ళకి రేటింగ్ ఇచ్చే యూటీఆర్‌లో ఎదుటి పిల్ల రేటింగ్ వెతికి "నీకంటే తక్కువేలే" అనడం మొదటిది. ఆ క్షణం నుంచి ఓడిపోవడానికి వీల్లేదు. ఆ రేటింగ్ గెలుపోటములొక్కటే చూడదు, ఎన్ని గేములు గెలిచారో కూడా లెక్కేస్తుంది. బలమైన పిల్ల మీద 6-4, 6-4తో ఓడినా పెరగొచ్చు. చెప్పదలుచుకుంటే ఆ సంగతి చెప్పండి, ప్రతి గేముకీ విలువుందని తెలుస్తుంది. హోటలుకీ కోచ్‌కీ ఎంతైందో మ్యాచ్ రోజు ఎత్తడం రెండోది. డబ్బు మాట వచ్చాక "పర్లేదు" అనే హక్కు పిల్లకి ఉండదు. ఇక "ప్చ్" అనే చప్పుడు. మనకి అది వచ్చిందని కూడా తెలియదు. ఫెన్స్ అవతల నుంచి బేస్‌లైన్ దాకా స్పష్టంగా వినపడుతుంది, తప్పు కొట్టిన ప్రతిసారీ పిల్ల కళ్ళు దానికోసమే మన వైపు తిరుగుతాయి. ఆపుకోలేకపోతే దూరంగా, ఓ మూల కుర్చీ వేసుకోవడం మేలు.

తలా ఓ వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో మన మాటలు ఇంకో తలనొప్పి. వారానికి మూడు ప్రైవేట్ క్లాసులు పెట్టించి "మావాడికి అంత సీరియస్సేం లేదండీ, ఊరికే ఆడతాడు" అంటాం. పక్కన సమోసా తింటూ వాడు వింటూనే ఉంటాడు. "ఏం చదవలేదురా" మళ్ళీ ఒక తరం ముందుకెళ్ళింది.

తేలిక నిజమా కాదా అన్నది మాటల్లో కంటే ఒంట్లో తెలుస్తుంది. టోర్నమెంట్ ఉన్న పొద్దునే కడుపునొప్పి వచ్చి, సాయంత్రానికి మాయమవడం రెండు మూడు సార్లు జరిగితే ఆ "ఐ డోంట్ కేర్" భయం. ఓడిన సోమవారం చెప్పకుండానే బూట్లు వేసుకుని ప్రాక్టీసుకి బయల్దేరితే బెంగక్కర్లేదు. వారాల తరబడి వెళ్ళబుద్ధి కాకపోతే, ఆ ఆట తనకి వద్దేమో మ్యాచ్ లేని రోజున నేరుగా అడగండి. "మానేస్తా" అన్న జవాబుకి కూడా సిద్ధపడి అడగాలి.

చదరంగం పిల్లలకి మాత్రం ఇంత తీరిక ఉండదు. స్విస్ పద్ధతిలో మొదటి రౌండ్ ఓడినా ఎవరూ ఇంటికి పోరు, ఒక్కోసారి పది నిమిషాల్లో రెండో ఆట. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో కోనేరు హంపి మొదటి రౌండే ఓడి, పదకొండు రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లతో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ఆ కథ, రౌండ్ల మధ్య పిల్లలు కూర్చునే స్కిటిల్స్ రూమ్‌లో పిల్లవాడికి చెప్పకండి, ఇంటికెళ్ళాక చెప్పుకోవచ్చు. అప్పటికి ఓడిన ఆట విప్పి చూపించమనీ అనకండి. ఒక అరటిపండు, కాసిని నీళ్ళు ఇచ్చి, రెండో రౌండ్ జతల కాగితం గోడకి అంటించేలోపు బాత్రూమ్‌కి పంపించండి.