గాడిపొయ్యి కట్టెలకు బండి కొన్నాం

మాది చెన్నై మాధవరంలో వంటల కాంట్రాక్టు. బిర్యానీ ఆర్డరంటే చాలామంది గ్యాసు మీద ఒప్పుకోరు, గాడిపొయ్యి, అంటే నేలలో గాడి తవ్వి పెట్టే కట్టెల పొయ్యి, దాని మీదే కావాలంటారు. కాబట్టి బియ్యం, నూనెలాగే సరుగుడు కట్టెలూ మా నెలసరి ఖర్చే. ఇదివరకు అడితివాళ్లే ఏదో ఒక బండిలో తెచ్చి దించిపోయేవారు. ధర, బాడుగ, దింపుడు కూలి కలిపి ఒకే అంకె చెప్పేవారు. ఏది ఎంతో తేలేది కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వెళ్లాక వచ్చిన లోడు తూకానికి బాగానే తూగింది కానీ పొయ్యిలో పెడితే అంతా పొగే. మా బావ అన్నాడు: "నీళ్లకు డబ్బులు కడుతున్నాం బావా. మన బండిలో మనమే చూసి ఎత్తుకొద్దాం."

ఆ మాటలో నిజముంది. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం దాకా నీరే ఉండొచ్చు. ఎండేకొద్దీ అది తగ్గుతుంది. అందుకే కట్టెల బండి అనగానే తొట్టి ఎంత పొడుగు, ఎంత పట్టుద్ది అని చూడకూడదు, ఎంత బరువు మోస్తుందని చూడాలి. పచ్చి సరుగుడు అడుగున్నర ఎత్తు డోర్ల దాకా పేర్చేసరికే కాటా మీద టన్ను దగ్గర పడుతుంది. పైన ఇంకా బోలెడు చోటుందే అనిపిస్తుంది. ఆ చోటు గాలికి వదిలేయాలి.

ముందు టాటా ఏస్ చూశాం. ఇక్కడ అందరూ కుట్టి యానై అంటారే, అదే. మా సందులోకి సులువుగా వస్తుంది, రిపేరు ప్రతి వీధి చివరా దొరుకుతుంది. కానీ మోసేది 750 కిలోల దరిదాపు. నాలుగు గిన్నెలు, నీళ్ల డ్రమ్ములు వేసే పనికి బంగారం లాంటి బండి, సరుగుడుకు చాలదు. బొలెరో పికప్ గట్టిది, అనుమానం లేదు. అయితే మా సందు మలుపులో దాని ముక్కు తిరగదు. వెనక్కి ముందుకి నాలుగుసార్లు ఆడించాలి. ఈ రెంటికీ మధ్య అశోక్ లేలాండ్ దోస్త్ కుదిరింది. 2011లో మార్కెట్లోకి వచ్చిన మోడలు, హోసూరులో తయారీ, పావు తక్కువ టన్నున్నర మోస్తుంది. పైగా మొత్తం బరువు, అంటే బండీ సరుకూ కలిపి, 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. ఇది చాలామందికి తెలియదు, ఏజెంట్లు చెప్పరు కూడా.

కొత్తది కొనేంత పెళ్లి ఆర్డర్లు మాకు లేవు. సెకండ్‌హ్యాండ్‌కే వెళ్లాం. చెన్నైలో పాత బండి కొనేటప్పుడు ఇంజను చప్పుడు కంటే ముందు వెతకాల్సింది వరద ఆనవాళ్లు. సీటు ఎత్తి కింద రేకు చూడాలి. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి తడిమితే ఎండిన ఒండ్రు వేలికి అంటుతుంది. ఒక బండిలో అలాగే అంటింది. బ్రోకరు "దుమ్మన్నా, దుమ్ము" అన్నాడు. దుమ్ము అట్టకట్టదు కదా. తర్వాత బండి కిందికి దూరి ఛాసిస్ చూశాం. వెల్డింగు మచ్చలున్నా, వెనక కమాను కట్టల్లో కంపెనీ ఇచ్చినవి కాక అదనంగా పట్టీలు వేసున్నా, ఆ బండి చేత ఎక్కువ బరువు మోయించారని అర్థం. మేం తీసుకున్న దానికి ఎనిమిదేళ్లు నిండలేదు. అది కావాలనే చూసుకున్నాం, ఎందుకంటే ఎనిమిదేళ్ల దాకా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. పేరు మార్పుకు 29, 30 ఫారాలు, పాత లోను తీరిపోయిందని బ్యాంకు ఎన్‌ఓసీతో 35 ఫారం. ఆ 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇచ్చాం.

లైసెన్సు దగ్గర కాసేపు టెన్షన్ పడ్డాం. బావకు కారు లైసెన్సే ఉంది. బ్యాడ్జి, అంటే రవాణా బండి నడిపేందుకు విడిగా ఇచ్చే అనుమతి, తీసుకోవాల్సిందే అని ఏజెంటు పట్టుబట్టాడు. 7,500 కిలోల లోపు రవాణా బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు, అంటే కారుకిచ్చేదే, చాలని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది, 2024 నవంబరులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. ఫోనులో ఆ వార్త తీసి చూపించాక ఏజెంటు టీ తాగడానికి వెళ్లిపోయాడు.

కట్టెలకు పొన్నేరి, పళవేర్కాడు (పులికాట్) వైపు వెళ్తాం. ఆ ఇసుక నేలల్లో సరుగుడు తోటలు బాగా ఉంటాయి. సూళ్లూరుపేటలో మా చుట్టాలున్నారు, అక్కడ కొనొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. రాష్ట్రం దాటించి కలప తేవడం, దారిలో కాగితాలు చూపించడం నాకు ఇష్టం లేదు. ఖాళీ బండిని ఒకసారి, లోడుతో ఒకసారి కాటా వేయించి, తేడాకే డబ్బులిస్తాం. సన్నవి, బెరడు ఊడుతున్నవి ఏరుకుంటాం. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొడితే ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి మొద్దుగా మోగుతాయి.

లోడు వేయడమే అసలు పని. పొడుగు మొద్దులు బండి పొడుగునా, క్యాబిన్ గోడకు ఆనించి అడుగున పడాలి. పొట్టి పేళ్లు చివర అడ్డంగా. బరువంతా వెనక చక్రాల అవతలికి పోతే ముందు చక్రాలు తేలికై స్టీరింగు చేతికి ఆనదు. వంతెన ఎక్కేటప్పుడు అది బాగా తెలుస్తుంది. పైన పట్టా, దాని మీద మోకు, నాలుగు కిలోమీటర్లు పోయాక దిగి మోకు మళ్లీ బిగించాలి. కట్టెలు కుదురుకుని సందులు పడతాయి, మోకు తప్పకుండా వదులవుతుంది. "ఇంకో పావు టన్ను వేసెయ్ సార్, ఏం కాదు" అని తోటలో ప్రతివాళ్లూ అంటారు. ఓవర్‌లోడుకు చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఆ పావు టన్ను కట్టెల ధర ఎంతని?

తొట్టిలో పాత రబ్బరు షీటు పరిచాం, లేకపోతే తడి బెరడుకు రేకు తుప్పు పట్టేస్తుంది. సంవత్సరం సరుకులో ఎక్కువ భాగం కత్తిరి ఎండల్లోనే (మే నెలలో) తెచ్చి, ఇటుకల మీద పేర్చి పైన మాత్రమే కప్పుతాం. పక్కలు కూడా మూసేస్తే లోపల బూజు పడుతుంది. ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలు మొదలయ్యాక తోటవైపు వెళ్లడం లేదు. దించేటప్పుడు చేతికి గ్లౌజులు తప్పనిసరి, తేళ్లుంటాయి.

ఆడి మాసంలో (జూలై-ఆగస్టు) పెళ్లి ముహూర్తాలు ఉండవు, బండి ఊరికే ఉంటుంది, ఇన్సూరెన్సు మాత్రం ఆగదు. అప్పుడు పక్కవీధి షామియానా ఆయనకు బాడుగకిస్తున్నాం. గుడ్డలకు కట్టెల పొట్టు అంటుకుంటోందని తొట్టి కడిగి ఇవ్వమంటాడు. కడగడం బావ వంతు.